కార్డ్‌లెస్ మైకు పట్టే కళాకారులకు: చేయవలసినవి – చేయకూడనివి

పద్యనాటకాలు చూసినవారికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. రంగస్థలం పైనుంచి తాళ్లకు కట్టిన మైకులు వేలాడుతుంటాయి. కృష్ణుడి వేషధారి ఎక్కడ తిరుగుతున్నా సరే, పద్యం ఎత్తుకునే వేళకు వచ్చి ఆ మైకు కిందే నిలబడాలి. బుర్రకథలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. కథకుడు చిందువేస్తూ ముందుకూ వెనక్కూ కదలాలి, మైకు మాత్రం స్టాండును వదలదు. చెంప పక్కన సన్నని హెడ్‌సెట్, నడుముకు చిన్న పెట్టె వచ్చాక ఆ కష్టం తీరింది. ఇప్పుడు హరిదాసుగారు చిడతలు వాయిస్తూ, గజ్జెలు ఘల్లుమంటుంటే వేదికంతా తిరిగి కథ చెబుతున్నారు. ఇరవయ్యేళ్లుగా మైకుసెట్టు పనిలో ఉన్న నాకు ఈ మార్పు చూస్తే కడుపు నిండినట్లుంటుంది.

కాకపోతే కళాకారుల నోట ఒక మాట తరచూ వింటున్నాను: "తీగ లేదుగా, ఇంక భయమేముంది?" ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియక ఇబ్బందుల్లో పడ్డవారిని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను. సౌండ్ వాళ్లు ఊరికొకరు మారతారు. మైకు పట్టుకునేది మాత్రం మీరే.

ముందు కరెంటు సంగతి

1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో స్టోన్ ది క్రోస్ అనే రాక్ బృందం కచేరీ. గిటారిస్టు లెస్లీ హార్వీ వేళ్లు గిటారు తీగల మీద ఉండగా రెండో చేత్తో మైకు తాకాడు. వేదికమీదే షాక్ కొట్టి ప్రాణం పోయింది. ఎర్తింగు సరిగా లేదు. గిటారుకూ మైకుకూ మధ్య వోల్టేజి తేడా ఉంది, ఆ రెంటినీ కలిపే తీగ అతని శరీరమే అయింది.

కార్డ్‌లెస్ మైకు చేసిన అసలు మేలు ఇక్కడ ఉంది. అందులో ఉండేది మామూలుగా రెండు పెన్సిల్ సెల్లులు, కలిపి 3 వోల్టులు. మిక్సర్‌తో గాని, యాంప్లిఫయర్‌తో గాని దానికి తీగ సంబంధం లేదు. కాబట్టి పెదవులకు ఆనించి పాడే మైకు నుంచి ఇంటి కరెంటు మీ ఒంట్లోకి వచ్చే దారి తెగిపోయింది. భాద్రపదం వానల్లో వినాయక చవితి పందిట్లో, తడిసిన పట్టా మీద వట్టి కాళ్లతో పాడేవారికి ఇది ఎంత పెద్ద రక్షణో చెప్పలేను.

అయినా వేదికమీద తీగ ఉన్న వస్తువులు బోలెడు మిగిలే ఉన్నాయి. కీబోర్డు అడాప్టర్, కరెంటు శ్రుతిపెట్టె, మృదంగానికి పెట్టిన మామూలు మైకు, సీరియల్ సెట్లు చుట్టిన ఇనుప స్తంభాలు, మీ మైకు రిసీవర్ కూడా. తీగ లేని మైకు చేతిలో ఉందన్న ధైర్యంతో ఆ స్తంభానికి చేయి ఆనించి పాడతారు చూడండి, నాకు గుండె ఆగినంత పనవుతుంది.

చేయవలసినవి: సౌండ్ సామానుకంతా ఒకే చోటినుంచి కరెంటు తీసుకోమనండి. ఒక వైరు గుడినుంచి, ఇంకొకటి ఎదురింటినుంచి లాగితే అవి రెండు వేరు ఫేజులు కావచ్చు. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి. లైను మొదట్లోనే 30 మిల్లీయాంపుల ఎర్త్ లీకేజి బ్రేకర్ ఉందా అని అడగండి. కరెంటు దారితప్పి మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోతుంటే సెకనులో చిన్న భాగంలోనే లైను కట్ చేసేది అదే. జనరేటర్ పెడితే దానికి ఎర్త్ కడ్డీ పాతించాలి. బోర్డులు, జాయింట్లు నేలమీద కాక ఎత్తున, తడి తగలని చోట ఉండాలి.

చేయకూడనిది ఒకటుంది, దాన్ని గట్టిగా చెప్పాలి. ఒక ఊరి తిరునాళ్లలో స్పీకర్లనుంచి ఎడతెగని జుమ్ము. ఎవరో కుర్రవాడు యాంప్లిఫయర్ త్రీపిన్ ప్లగ్గులో పైన ఉండే లావు పిన్నును కటింగ్ ప్లయర్‌తో విరిచేశాడు. జుమ్ము ఆగింది, అందరూ మెచ్చుకున్నారు. అరగంట తరవాత కీబోర్డు వాయించే అబ్బాయి ఒక చేయి కీబోర్డు ఇనుప స్టాండు మీద ఉండగా రెండో చేత్తో మామూలు మైకును దగ్గరికి లాక్కోబోయి వెనక్కి విరుచుకుపడ్డాడు. విసిరేసింది కాబట్టి బతికాడు, పట్టుకుని ఉంటే నేను ఆ సంగతి వేరే విధంగా రాయాల్సి వచ్చేది. ఆ లావు పిన్ను ఎర్త్. పెట్టె లోపల లీకైన కరెంటు భూమిలోకి వెళ్లడానికి ఉన్న ఒకే దారి. జుమ్మును తగ్గించాలంటే ధ్వని వెళ్లే లైనులో గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉన్న డి.ఐ. బాక్సు పెట్టాలి. కరెంటు ప్లగ్గు జోలికి ఎన్నడూ పోకూడదు. టూపిన్ అడాప్టర్ పెట్టి ఎర్త్‌ను తప్పించడం కూడా పిన్ను విరవడంతో సమానమే.

మైకుకో, స్టాండుకో చేయి పెట్టినప్పుడు సన్నగా చురుక్కుమంటే "కొంచెమేలే" అనుకోకండి. అక్కడే కార్యక్రమం ఆపి చెప్పండి. ఎవరికైనా షాక్ కొట్టి పట్టుకుంటే వారిని ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే ఎండిన కర్రతో విడదీయాలి. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా ఉండాలి.

సెల్లులు చిన్నవి, ప్రమాదం చిన్నది కాదు

కొత్త సెల్లుతో పాతదాన్ని కలిపి వేయకండి. పాతది ముందుగా ఖాళీ అయి, కొత్తదాని ఒత్తిడికి కారిపోతుంది. ఆల్కలైన్ సెల్లులనుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడు, చర్మాన్నీ కళ్లనూ కాల్చే క్షారం. పెట్టె మూత తీసినప్పుడు లోపల తెల్లటి పొడి కనిపిస్తే వట్టి వేళ్లతో గీకవద్దు. గ్లౌజులు వేసుకుని, దూదికి కొంచెం వెనిగర్ అద్ది తుడవండి. కార్యక్రమం కాగానే సెల్లులు తీసి పెట్టడం అలవాటైతే ఈ బాధే ఉండదు. సంక్రాంతికి వాడిన మైకును శ్రీరామనవమికి తీసి చూసి బాధపడేవారు ప్రతి ఏటా నా దగ్గరికి వస్తుంటారు.

ఇంకొక పొరపాటు దీనికన్నా చెడ్డది. పెన్సిల్ సెల్లు సైజులోనే 14500 అనే లిథియం సెల్లులు దొరుకుతాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి, వోల్టేజి మాత్రం 1.5 కాదు, 3.7. తయారీదారు చెప్పకుండా వాటిని మైకులో వేస్తే 3 వోల్టుల పెట్టెకు 7.4 వోల్టులు అందుతాయి. పెట్టె మాడిపోతుంది, నడుముకు కట్టుకుని ఉంటే మీ చర్మమూ కాలుతుంది. సెల్లు మీద రాసిన వోల్టు చదవకుండా వేయకండి. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునేవి కావాలంటే 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం మంచిది. మామూలు సెల్లుల కంటే వోల్టేజి కాస్త తక్కువ కాబట్టి బ్యాటరీ గీతలు మొదటినుంచే కొంచెం తక్కువ చూపవచ్చు, కంగారు పడనక్కర్లేదు.

9 వోల్టుల చదరపు బ్యాటరీని తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేయవద్దు. దాని రెండు కొనలూ పక్కపక్కనే ఉంటాయి, తాళంచెవి తగిలితే చాలు, కాలిపోయేంత వేడెక్కుతుంది. అట్టపెట్టెలో పెట్టండి, లేదా కొనలకు టేపు అంటించండి. లిథియం బ్యాటరీ ఉబ్బితే అదే దాని చివరి రోజు. ఇంకొక కార్యక్రమం అని వాయిదా వేయకండి. రాత్రి బస్సులో దుప్పట్ల మధ్య ఛార్జింగు పెట్టి నిద్రపోకండి. విమానంలో వెళ్లేటప్పుడు విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, అప్పగించే పెట్టెలో పెట్టడానికి అనుమతి లేదు.

గాలిలో దారి

కార్డ్‌లెస్ మైకు అంటే ఒక చిన్న రేడియో స్టేషను. శక్తి మామూలుగా 10 నుంచి 50 మిల్లీవాట్లు, ఇంత సన్నని గొంతుతో అది రిసీవర్‌తో మాట్లాడుతుంది. చుట్టూ అంతకంటే పెద్ద గొంతులు ఎన్నో ఉన్నాయి. ప్రేక్షకుల సెల్‌ఫోన్లు, వైఫై, కల్యాణమండపాల్లో ఇప్పుడు తప్పనిసరైన ఎల్‌ఈడీ తెరలు. ఖాళీ హాల్లో మధ్యాహ్నం చక్కగా పలికిన మైకు సాయంత్రం జనం నిండాక తెగిపోవడానికి కారణం ఇదే, మీ గొంతులోనో మైకులోనో దోషం ఉండి కాదు. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచే చిన్న మైకులకు ఈ బెడద మరీ ఎక్కువ, ఎందుకంటే వైఫై, బ్లూటూత్ నడిచేది కూడా అక్కడే.

మన దేశంలో 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ పట్టీ జియోకు దక్కి, 5జీకి వాడుకలోకి వచ్చింది. పాత మైకుల్లో చాలా వాటి ఛానళ్లు 700 పైన ఉన్నాయి. మీ మైకు వెనక స్టిక్కరు చదవండి. 703 నుంచి 803 మధ్య అంకె కనిపిస్తే దాన్ని ముఖ్యమైన కార్యక్రమానికి నమ్ముకోవద్దు. అమెరికాలో ఉన్న బంధువులు ప్రేమతో పంపే సెకండ్‌హ్యాండ్ మైకుల విషయంలోనూ జాగ్రత్త. అక్కడ 700 పట్టీలో మైకుల వాడకాన్ని 2010 జూన్ 12నుంచి, 600 పట్టీలో ఎక్కువ భాగాన్ని 2020 జూలై 13నుంచి ఆపేశారు. అలా ఆగిపోయిన మైకులే చవకగా చేతులు మారుతుంటాయి. అక్కడి తెలుగు సభలకు పాడటానికి వెళ్లేవారు ఇక్కడి మైకును వెంట తీసుకుపోయి అక్కడ ఆన్ చేయడం కూడా ఇదే చిక్కు తెస్తుంది. మన దగ్గర కొనేటప్పుడు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఆమోదం ఉన్న పరికరమేనా అని దుకాణంలో అడగండి.

నాటక బృందాలు ఎక్కువగా చేసే తప్పు ఒకటి చెబుతాను. మూడు మైకులకు 640.0, 640.4, 640.8 అని సమాన దూరంలో ఛానళ్లు పెడతారు. చూడటానికి చక్కగా ఉంది. కాని రెండు మైకులు దగ్గరగా వచ్చినప్పుడు వాటి తరంగాలు కలిసి కొత్త తరంగాలు పుడతాయి. రెండో దాన్ని రెట్టింపు చేసి మొదటిది తీసేయండి: 1280.8లో 640.0 పోతే 640.8. సరిగ్గా మూడో మైకు మీదకే వచ్చి పడింది. అర్జునుడూ కృష్ణుడూ పక్కపక్కన నిలబడగానే ద్రౌపది మైకు గరగరలాడటానికి ఇదీ లెక్క. ఛానళ్ల మధ్య దూరాలు అసమానంగా ఉండాలి. కంపెనీ ఇచ్చిన గ్రూపుల పట్టికలో ఒకే గ్రూపునుంచి ఎంచుకుంటే ఆ లెక్క వాళ్లే వేసి ఉంచుతారు.

రిసీవర్‌ను ఇనుప బీరువా వెనకా, తెర వెనకా, యాంప్లిఫయర్ మీదా పెట్టవద్దు. యాంటెన్నాలు జనం తలలకంటే ఎత్తున, వి ఆకారంలో, వేదిక కనబడే చోట ఉండాలి. మైకుకూ వాటికీ కనీసం మూడు మీటర్ల ఎడం, ఎల్‌ఈడీ తెరకు ఇంకా దూరం. మైకులన్నీ ఆపి రిసీవర్‌లో ఖాళీ ఛానళ్లకోసం స్కాన్ చేయండి, జనం వచ్చి కూర్చున్నాక మళ్లీ ఒకసారి చేయండి.

ఒంటిమీద కట్టుకునేటప్పుడు

నడుము పెట్టెను వెన్నెముక మీద కట్టుకోకండి. యుద్ధ సన్నివేశంలో వెల్లకిలా పడితే ఆ పెట్టె వెన్నుపూసల్లో గుచ్చుకుంటుంది. కూచిపూడి కళాకారులైనా, దుర్యోధన వేషధారులైనా దాన్ని నడుము పక్కకు జరపాలి. యాంటెన్నా తోకను చుట్టచుట్టి లోపలికి దోపకండి, చర్మానికి తగలనివ్వకండి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే, అది ఈ తరంగాలను పీల్చేస్తుంది. జరీ, కిరీటం, వడ్డాణం వంటి లోహం దాన్ని కప్పితే కూడా అంతే. చేతి మైకు అడుగున యాంటెన్నా ఉంటుంది కాబట్టి ఆ భాగాన్ని పిడికిలితో మూయకూడదు.

చెమట కార్డ్‌లెస్ మైకుకు పెద్ద శత్రువు. మేనెలలో మూడు గంటల నాటకమంటే పెట్టె తడిసి ముద్దవుతుంది. పలుచని ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి తీగ చుట్టూ బిగించి, ఆపైన గుడ్డసంచిలో ఉంచండి. మైకు తీగను మెడ చుట్టూ తిప్పి కట్టడం మాత్రం వద్దే వద్దు. గద తగులుకున్నా, ఎవరైనా లాగినా మెడకు ఉరిపడుతుంది. వీపు మీదుగా కిందికి దింపి, చిన్న వంకీ వదిలి టేపు వేయండి. లాగినప్పుడు వంకీ సాగుతుంది, తీగ తెగదు. చెంపకు అంటించే టేపు మందుల షాపులో దొరికే సర్జికల్ టేపు అయి ఉండాలి. గడ్డాలూ మీసాలూ అంటించే స్పిరిట్ గమ్‌కు మంట అంటుకుంటుంది, దాన్ని రాసుకుని హారతి దగ్గరికి వెళ్లకండి.

నీళ్లూ నిప్పూ ఉండే సన్నివేశాలు, తాళ్లతో గాలిలో ఎగిరే సన్నివేశాలు చేసేవారికి ప్రత్యేకంగా ఒక మాట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకాల పేరు వినగానే గుర్తొచ్చేవి అవే. ఎగిరే పాత్రకు కట్టే బెల్టులో, తాళ్ల దారిలో మైకు పెట్టె గాని తీగ గాని ఉండకూడదు. ముందు బెల్టు కట్టి బిగించాకే మైకు కట్టాలి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దలు చాలామంది ఇంకా కథలు చెబుతున్నారు, వారికి నా నమస్కారం. ట్రాన్స్‌మిటర్‌ను పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఛాతీ మీద కాకుండా నడుముకు పెట్టుకోండి. ఈ మధ్య అయస్కాంతంతో చొక్కాకు అతుక్కునే చిన్న కాలర్ మైకులు వచ్చాయి. పేస్‌మేకర్ ఉన్నవారు వాటిని అసలు పెట్టుకోవద్దు. ఆ అయస్కాంతం పేస్‌మేకర్ పనితీరును మార్చగలదు. క్లిప్పు మైకు అడిగి తీసుకోండి.

చెవులు

ఒక పరికరం పాడైతే ఇంకొకటి కొనుక్కుంటాం. చెవి లోపలి సన్నని వెంట్రుక కణాలు చచ్చిపోతే మళ్లీ మొలవవు. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలు భరించవచ్చని నిపుణుల లెక్క. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. పెళ్లి ఆర్కెస్ట్రాలో స్పీకరు ముందు నిలబడి మూడు గంటలు పాడే అమ్మాయి ఆ లెక్కను ఎన్ని రెట్లు దాటుతుందో చూసుకోండి.

చెవిలో పెట్టుకునే మానిటర్లు వాడేవారు ధ్వనిని హద్దు దాటనివ్వని లిమిటర్ ఆన్‌లో ఉందని చూసుకుని గాని చెవిలో పెట్టకూడదు. ముందు ధ్వని పూర్తిగా తగ్గించి, పెట్టుకున్నాక మెల్లగా పెంచాలి. చప్పట్లు వినాలని ఒక చెవి తీసేయడం చాలామందికి అలవాటు. రెండు చెవులతో వింటే పెద్దగా తోచే ధ్వని ఒక చెవికి చాలదు, దాంతో తెలియకుండానే పెంచేస్తారు. మానిటరు ఉన్న ఆ చెవి దెబ్బతింటుంది. కచేరీ అయ్యాక చెవుల్లో గుయ్‌మనే మోత మర్నాటికీ తగ్గకపోతే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మైకు ఆన్‌లో ఉండగా స్పీకరు ముందుకు నడవవద్దు, జాలీని గుప్పిట్లో మూయవద్దు. అలా చేస్తే వచ్చే కూత మీ చెవికే కాదు, ముందు వరసలో తల్లి ఒళ్లో ఉన్న పసిబిడ్డకూ తగులుతుంది. ఆన్ చేసేటప్పుడు యాంప్లిఫయర్ అన్నిటికంటే చివర, ఆపేటప్పుడు అన్నిటికంటే ముందు. మిక్సర్‌లో మ్యూట్ చేయకుండా మైకు స్విచ్ ఆపితే కొన్ని చవక రిసీవర్లు ఢామ్మని పేలినట్లు శబ్దం చేస్తాయి. రాత్రి 10నుంచి ఉదయం 6దాకా లౌడ్‌స్పీకర్లు ఆపాలన్నది 2000 నాటి శబ్దకాలుష్య నిబంధన. పండగలకు సడలింపు ప్రభుత్వం ఇస్తే తప్ప మనంతట మనం తీసుకునేది కాదు.

మరికొన్ని

మైకు టెస్టింగ్ అని ఊదకండి, తట్టకండి. రెండు మాటలు మాట్లాడండి, చాలు. ఒకరి మైకు ఇంకొకరికి ఇచ్చేముందు జాలీ విప్పి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, లోపలి స్పాంజి ఆరాక బిగించండి. లోపల ధ్వనిని పట్టే గుండీ మీద నేరుగా స్ప్రే కొట్టవద్దు. వేదిక దిగగానే మ్యూట్ చేయండి. ఇంటి మాటలు, డబ్బు మాటలు ఊరంతా వినడం నేను చూశాను, ఆ కళాకారిణి వారం రోజులు బయటకు రాలేదు. పాత అనలాగ్ మైకులను అదే ఫ్రీక్వెన్సీ పట్టుకున్నవాడెవడైనా వినగలడని గుర్తుంచుకోండి.

ఇక చివరిగా, నిర్వాహకులూ కళాకారులూ కలిసి చేయవలసింది. ఎన్ని కార్డ్‌లెస్ మైకులున్నా సరే, వేదిక పక్కన మిక్సర్‌కు కలిపి, పలికేలా సిద్ధంగా ఒక తీగ మైకు ఉంచండి. జనంలో తొక్కిసలాట మొదలైనా, పందిరికి నిప్పంటుకున్నా, వెయ్యిమందికి నిదానంగా దారి చెప్పగలిగేది మైకు ముందున్న మనిషే. ఆ క్షణాన సెల్లు అయిపోకూడదు, ఛానలు తెగకూడదు. అందుకు ఇప్పటికీ తీగ మైకుకు సాటి లేదు.

ఆ మైకుకు తీగ ఉంది కాబట్టి మొదట చెప్పిన సంగతి మళ్లీ వస్తుంది. వేదిక ఎక్కేముందు ఎర్త్ కడ్డీ ఎక్కడ పాతారో చూపించమని అడగండి. చూపించలేకపోతే, పాతేదాకా ఎక్కకండి.